పాత ట్రాక్టర్: డెల్టా దమ్ములో తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మరమ్మతు ఖర్చులు



ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మన డెల్టాలో వ్యవసాయ పంచాంగం కాలువను బట్టే నడుస్తోంది. దాళ్వా కోతల వేళకు, ఏప్రిల్ మధ్య ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు. జూన్ మొదట్లో మళ్లీ వదులుతారు. తేదీలు ఏటా కొంత అటూ ఇటూ అవుతాయి. ఆ నెలా పదిహేను రోజుల్లో కాలువల పూడిక తీస్తారు, లాకులు బాగు చేస్తారు. మన పాత ట్రాక్టర్‌కు కూడా అదే అదను. పాత బండి కొనేవారు బేరం ఆడేదీ, ఉన్నవారు షెడ్డుకు తోలేదీ ఈ రోజుల్లోనే జరగాలి. జూన్‌లో నీళ్లు వచ్చాక చెడిన బండికి అయ్యే ఖర్చు మెకానిక్ బిల్లుతో ఆగదు.

ఆగదని ఎందుకు అంటున్నానంటే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. లంక గ్రామాల వైపు మూడెకరాల రైతు ఒకాయన పాత ట్రాక్టర్ బేరానికి నన్ను వెంట తీసుకెళ్లారు. రంగు కొత్తగా ఉంది, టైర్లు బాగున్నాయి, ఒక్క తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంది. "బాగానే ఉందండీ" అన్నాను. వెనుక గేరుబాక్సు ఆయిల్ చూడాలని నాకు తట్టలేదు. జూన్‌లో దమ్ము మొదలుపెట్టిన మూడో రోజున గేరుబాక్సు పట్టేసి బండి మడి మధ్యలో నిలిచిపోయింది. విప్పి చూస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంది, బేరింగులు పోయాయి. సామాను తెప్పించి బిగించేసరికి ఇరవై రోజులు పట్టింది. ఆలోపు ఊరంతా దమ్ములే, కిరాయి బండి దొరకలేదు. నారు ముదిరిపోయింది, నాట్లు ఆలస్యమయ్యాయి, దిగుబడి తగ్గింది. ఆ ఏడాది ఆయన పోగొట్టుకున్నదానిలో నా మాట వాటా కూడా ఉంది. అప్పటి నుంచి పాత బండి గురించి ఎవరడిగినా ముందు ఆయిలే చూడమంటాను.

మన డెల్టా బళ్లకు 35 నుంచి 45 హెచ్.పి. ట్రాక్టర్లే ఎక్కువ. కింద చెప్పే విషయాలన్నీ ఆ స్థాయి బళ్లకు, ఏ కంపెనీదైనా సరే, వర్తిస్తాయి.

మెట్ట బండి వేరు, దమ్ము బండి వేరు

మెట్ట ప్రాంతంలో ట్రాక్టర్‌కు శత్రువు దుమ్ము. మన దగ్గర నీరు, బురద. దమ్ము చక్రాలు వేసి రోటావేటరు కట్టి గంటల తరబడి మడిలో తిప్పినప్పుడు బురద నీరు ముందు చక్రాల హబ్బుల వరకు, ఒక్కోసారి వెనుక ఇరుసు వరకు వస్తుంది. ఆయిల్ సీళ్లు అరిగి ఉంటే ఆ నీరు లోపలికి పోతుంది. బయట ఏ చప్పుడూ ఉండదు. కొన్ని వారాల తర్వాత బేరింగు అరుస్తుంది, ఆ తర్వాత గేరు పళ్లు పోతాయి. కాబట్టి అదే మోడల్, అదే ఏడాది బళ్లు రెండు ఉంటే, మీటరు మీద గంటలు తక్కువగా ఉన్న దమ్ము బండి కన్నా గంటలు ఎక్కువ తిరిగిన మెట్ట బండే కొన్నిసార్లు మేలు. అమ్మేవారిని "ఎన్ని గంటలు తిరిగింది" అని అడగడంతో పాటు "ఎన్ని దమ్ములు చేసింది" అని కూడా అడగండి.

మీటరు పనిచేయకపోవచ్చు, మార్చి ఉండవచ్చు. పెడళ్ల రబ్బరు ఎంత అరిగింది, వెనుక లింకు పిన్నుల రంధ్రాలు ఎంత సాగాయి, స్టీరింగు ఎంత వదులుగా ఉంది అన్నవి చూస్తే బండి అసలు వయసు తెలుస్తుంది.

తరచూ వచ్చే ఇబ్బందులు, గుర్తించే పద్ధతి

1. గేరుబాక్సులో నీరు: రాత్రంతా కదలకుండా ఉంచిన బండిని పొద్దున్నే చూడండి. ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ తేనె రంగులోనో, నల్లగానో ఉండాలి. పాలలా, మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసినట్టే. అనుమానం ఉంటే కింద డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయించండి. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరిన నీరు ముందు కారుతుంది. అలాంటి బండికి ఆయిల్ మార్చి ఊరుకుంటే చాలదు. నీరు ఎక్కడి నుంచి వచ్చిందో, అంటే ఇరుసు సీలు, పి.టి.ఒ. సీలు, బ్రేకుల వైపు, గేరు లివరు రబ్బరు, వీటిలో ఏదో తేల్చుకున్న తర్వాతే కొత్త ఆయిల్ పోయాలి. బండిని కాలువలోకి దింపి కడిగే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి. నీరు లోపలికి పోవడానికి అది పెద్ద దారి.

2. ముందు చక్రాల హబ్బులు: ముందు ఇరుసును జాకీతో లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగు గాని కింగ్ పిన్ను గాని అరిగింది. చేత్తో తిప్పితే గరగరలాడితే లోపల బురద చేరింది. దమ్ము రోజుల్లో పని ముగిసిన ప్రతి సాయంత్రం గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు, బురద బయటికి వచ్చి కొత్త గ్రీజు కనిపించే వరకు కొట్టాలి.

3. క్లచ్: మూడో గేరులో బ్రేకు నొక్కి క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి. ఇంజిన్ తిరుగుతూనే ఉండి బండి కదలకపోతే క్లచ్ జారుతోంది. క్లచ్ పెడలు మీద కాలు ఆనించి దమ్ము చేయడం వల్లే మన దగ్గర క్లచ్ ప్లేట్లు త్వరగా కాలుతున్నాయి. డ్రైవరు చేత ఈ అలవాటు మాన్పించాలి. క్లచ్ మార్చాలంటే ట్రాక్టర్‌ను మధ్యకు విడదీయాలి. ప్లేటు ఖరీదుతో పాటు ఆ కూలీ కూడా ఉంటుంది కాబట్టి, విడదీసినప్పుడే రిలీజ్ బేరింగు, ఇంజిన్ వెనుక ఆయిల్ సీలు కూడా మార్పించండి. సీలు దగ్గర కొద్ది రూపాయలు మిగుల్చుకుంటే ఆరు నెలలకు మళ్లీ విడదీయాల్సి వస్తుంది.

4. ఇంజిన్ పొగ: నల్ల పొగ వస్తే ఎయిర్ క్లీనరు మూసుకుపోయి ఉండవచ్చు, నాజిళ్లు సరిగా చిమ్మకపోవచ్చు, లేదా బండి శక్తికి మించిన రోటావేటరు కట్టి ఉండవచ్చు. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రింగులు అరిగాయి. పొద్దున్నే కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగితే భయం లేదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ రేడియేటర్ నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని ఎగదన్నితే బోరు పని దగ్గర పడింది.

5. ఎయిర్ క్లీనరు: నూర్పిడిలో, గడ్డి చుట్టలు కట్టేటప్పుడు దుమ్ము, ఊక ఎక్కువ. నూనె గిన్నె ఉన్న క్లీనరులో నూనె చిక్కబడితే తీసి, గిన్నె కడిగి కొత్తది పోయాలి. దీనికి అయ్యేది అర లీటరో, లీటరో నూనె. పట్టించుకోకపోతే ఆ దుమ్ము పిస్టన్, లైనర్లను గీకేస్తుంది. చవకైన పని చేయకపోతే ఖరీదైన పని ఎలా మీద పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

6. వేడెక్కడం: రేడియేటర్ ముందు జాలీలో ఊక, గడ్డి పూత చేరితే గాలి పోదు. లోపలి వైపు నుంచి బయటికి నీటితో మెల్లగా కడగాలి. ఫ్యాన్ బెల్టు వదులు చూసుకోవాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం సరికాదు. వేడెక్కిన ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకూడదు, హెడ్డు చిట్లుతుంది.

7. డీజిల్‌లో నీరు: వానాకాలంలో డబ్బాల్లో నిల్వ పెట్టిన డీజిల్‌లో నీరు చేరుతుంది. బండి మధ్య మధ్యలో దగ్గి ఆగిపోవడం దీని లక్షణం. డీజిల్ ఫిల్టరు కింద చేరిన నీటిని దమ్ము రోజుల్లో రోజూ పొద్దున్నే వదిలేయాలి. ఫిల్టరు మార్చాక లైనులో గాలి తీయడం ఇంటి మనిషి ఒకరు నేర్చుకుంటే చాలు, ప్రతిసారీ మెకానిక్‌ను పిలవక్కర్లేదు.

8. హైడ్రాలిక్ లిఫ్టు: కల్టివేటరు పైకి లేపి ఇంజిన్ ఆపేయండి. కొద్ది నిమిషాలు అక్కడే నిలవాలి. చూస్తుండగానే దిగిపోతే లోపల సీళ్లు అరిగాయి. అసలు లేవకపోతే ముందు ఆయిల్ మట్టం, ఫిల్టరు చూసి, ఆ తర్వాతే పంపు మీదికి వెళ్లండి. ఫిల్టరు కడిగితే పోయేదానికి పంపు మార్పించుకున్నవారు ఉన్నారు.

9. బ్రేకులు, స్టీరింగు: ఇవి డబ్బు లెక్కలోకి రావు, ప్రాణం లెక్కలోకి వస్తాయి. మన రోడ్లలో చాలా భాగం కాలువ గట్లే. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పల్లపు చేలు. రెండు బ్రేకులు సమానంగా పట్టకపోతే బండి ఒక పక్కకు లాగి కాలువలో పడుతుంది. రోడ్డెక్కగానే రెండు బ్రేకు పెడళ్లను కలిపి గొళ్లెం వేయాలి. మరమ్మతుకు డబ్బు కొద్దిగానే ఉంటే మొదటి రూపాయి బ్రేకులకే పెట్టండి.

ఖర్చు ఎంత పట్టుకోవాలి

కింది అంకెలు సామాను, కూలీ కలిపి చేతిలో ఉంచుకోవాల్సిన సుమారు అంచనాలు. బండి మోడల్‌ను బట్టి, కంపెనీ సామానా బయటి సామానా అన్నదాన్ని బట్టి ఇవి మారతాయి. పని మొదలుపెట్టే ముందు రాజమహేంద్రవరంలో గాని మీ దగ్గరి పట్టణంలో గాని రెండు షెడ్లలో కాగితం మీద అంచనా రాయించుకోండి.

- ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు: రూ.2,500–4,000
- గేరుబాక్సు ఆయిల్ పూర్తిగా మార్చడం: రూ.8,000–14,000
- ముందు చక్రాల బేరింగులు, సీళ్లు: రూ.2,000–5,000
- నాజిళ్లు పరీక్షించి మార్చడం: రూ.2,000–5,000
- డీజిల్ పంపు సరిచేయించడం: రూ.6,000–15,000
- బ్రేకులు: రూ.3,000–8,000
- లిఫ్టు సీళ్లు: రూ.3,000–6,000, హైడ్రాలిక్ పంపు కూడా మారిస్తే మరో రూ.6,000–12,000
- క్లచ్: ఒంటి క్లచ్ రూ.8,000–15,000, జంట క్లచ్ రూ.15,000–25,000
- బ్యాటరీ: రూ.6,000–9,000, సెల్ఫ్ మోటారు బాగు: రూ.2,000–5,000
- ముందు టైర్ల జత: రూ.8,000–12,000, వెనుక టైర్ల జత: రూ.35,000–50,000
- ఇంజిన్ పూర్తి బోరు పని: రూ.40,000–80,000
- గేరుబాక్సు విప్పి గేర్లు, బేరింగులు మార్చడం: రూ.25,000–60,000, ఒక్కోసారి అంతకు మించి

ఈ జాబితాలో పై సగం ఏటా కొంత కొంత పెట్టే ఖర్చు. కింది సగం ఒక్కసారిగా మీద పడేది. పై పనులు వేళకు చేసినవారికి కింది పనులు చాలా ఏళ్లు వాయిదా పడతాయి. మీ బండికి ఒకే ఏడాదిలో ఇంజిన్ బోరు, గేరుబాక్సు, వెనుక టైర్లు మూడూ వస్తే ఆగి లెక్క వేయండి. మరమ్మతు బిల్లు ఆ బండి అమ్మితే వచ్చే ధరలో సగం దాటితే బాగు చేయించడం కన్నా వదిలించుకోవడమే మంచిదని నా సలహా.

కొనేముందు ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, ట్యూబులపై 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా తగ్గాలి. అంతకు ముందటి ధరల మాట చెప్పి బేరం పెట్టేవారికి ఈ సంగతి గుర్తు చేయండి.

మూడెకరాల రైతుకు సొంత బండి కావాలా?

ఇది చెప్పకుండా మిగతాదంతా చెబితే సలహా సగమే అవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊరి అంకెలు పెట్టి మళ్లీ లెక్క కట్టుకోండి.

పాత బండి ధర 2,50,000, మొదటి మరమ్మతు 60,000, మొత్తం 3,10,000 రూపాయలు అనుకుందాం. నూటికి ఏడాదికి 12 చొప్పున వడ్డీ 37,200. అయిదేళ్ల తర్వాత 1,50,000కు అమ్మితే తరుగుదల ఏడాదికి 32,000. ఏటా ఆయిళ్లు, మరమ్మతులు 30,000, బీమా వగైరా 6,000. అంటే బండి షెడ్డులో ఉన్నా, చేలో ఉన్నా ఏడాదికి 1,05,200 రూపాయలు పోతాయి. డీజిల్, డ్రైవరు ఖర్చు గంటకు 550, మీ ఊళ్లో కిరాయి గంటకు 1,200 అనుకుంటే సొంత బండి వల్ల గంటకు మిగిలేది 650 రూపాయలు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ఏడాదికి 162 గంటలు పని ఉండాలి.

మూడెకరాలకు రెండు పంటలకూ కలిపి ఎకరానికి పంటకు నాలుగు గంటల చొప్పున వేసుకున్నా 24 గంటలే. మిగతా 138 గంటలు బయట కిరాయికి తిరిగితేనే బండి తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది. ఆ పని మీకు ఖాయంగా ఉందా? లేకపోతే నలుగురైదుగురు రైతులు కలిసి ఒక మంచి బండి కొనుక్కోవడం గాని, కిరాయి బండితో ముందే రోజు మాట్లాడుకోవడం గాని మేలు. సొంత బండి ఉండటం ఊళ్లో గౌరవమే. ఆ గౌరవానికి నెలకు ఎంత కడుతున్నామో కూడా తెలిసి ఉండాలి.

కాగితాలు

- ఆర్.సి. మీద ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబర్లతో మీ కళ్లతో మీరే సరిపోల్చుకోండి.
- ఆర్.సి.లో బ్యాంకు లేదా ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరినట్టు వారిచ్చే కాగితం, ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.
- పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 ఉండాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం ప్రమాదం జరిగిన రోజున ఎవరినీ కాపాడదు.
- వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. పాత బండి కొనేటప్పుడు ఈ తేదీ తప్పక చూడాలి.
- కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండాలి. వ్యవసాయానికని బీమా చేసిన బండిని ఇసుక, ఇటుక కిరాయికి తోలితే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు.

బండి ఊబిలో దిగితే

వెనుక చక్రాలు దిగబడి తిరగనప్పుడు ముందుకే గట్టిగా లాగిస్తే ఇంజిన్ శక్తికి ముందు భాగం పైకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. కింద ఉన్నది డ్రైవరు. చక్రాలకు దుంగలు కట్టి ముందుకు లాగడం మరీ ప్రమాదం. ముందు రివర్సులో ప్రయత్నించండి. రాకపోతే ఇంకో బండితో, వెనుక కింది కొక్కేనికి గొలుసు వేసి వెనక్కి లాగించండి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టవద్దు. రోటావేటరు షాఫ్టుకు తొడుగు లేకుండా నడపవద్దు.

బండి చెడి నాట్లు ఆలస్యమైతే

ఎన్ని నెలల పంటో అన్ని వారాల నారు అన్నది గుర్తు పెట్టుకోండి. నాలుగు నెలల రకానికి నాలుగు వారాల నారు, అయిదు నెలల స్వర్ణకు (ఎం.టి.యు. 7029) అయిదు వారాల నారు. అంతకన్నా ముదిరితే పిలకలు తగ్గుతాయి. తప్పనిసరై ముదురు నారు నాటాల్సి వస్తే కొసలు తుంచి, కుదురుకు రెండు మూడుకు బదులు నాలుగైదు మొక్కలు పెట్టి, కుదుళ్లు దగ్గర చేయండి. సిఫారసు చేసిన నత్రజనిలో ఎక్కువ భాగం దమ్ములోనే వేయండి. నాట్లు ఆలస్యమైతే కోతలు నవంబరు తుపాన్లకు ఎదురెళ్తాయి. 1996 నవంబరు తుపాను కోనసీమలో చేసిన నష్టం చూసిన పెద్దలు ఈ మాట నాకన్నా బాగా చెబుతారు.

ఈ వేసవికి పనుల క్రమం

ఏప్రిల్ చివరి వారం: బండి కడిగి ఆరబెట్టి, పైన చెప్పిన తొమ్మిది అంశాలూ చూసి, లోపాలు కాగితం మీద రాసుకోవాలి.
మే మొదటి పక్షం: బ్రేకులు, స్టీరింగు, సీళ్లు, క్లచ్ ఈ వరుసలో పనులు. సామాను ముందే తెప్పించుకోవాలి. జూన్‌లో షెడ్లలో వరుస కట్టాల్సి వస్తుంది.
మే చివర: ఆయిళ్లు, ఫిల్టర్లు, గ్రీజు. దమ్ము చక్రాల బోల్టులు, రోటావేటరు కత్తులు సరిచూసుకోవాలి. ఒక ఫ్యాన్ బెల్టు, ఒక డీజిల్ ఫిల్టరు అదనంగా ఇంట్లో ఉంచుకోవాలి.
జూన్, కాలువ వదిలాక: రోజూ పొద్దున్న ఇంజిన్ ఆయిల్, నీరు, డీజిల్ ఫిల్టరు చూడాలి. సాయంత్రం గ్రీజు. వారానికోసారి గేరుబాక్సు ఆయిల్ పుల్ల తీసి రంగు చూడాలి.

బండి నడిపే కుర్రవాడు ఆసక్తి ఉన్నవాడైతే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థలో ట్రాక్టర్ నిర్వహణ శిక్షణకు పంపవచ్చు. వివరాలకు మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. పాత బండి బేరానికి వెళ్తున్నవారు మాత్రం ఒక తెల్ల గుడ్డ ముక్క జేబులో పెట్టుకుని వెళ్లండి. గేరుబాక్సు ఆయిల్ పుల్లను దాని మీద తుడిచి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.